నేటి క్రికెట్టులో స్పిన్ బౌలరు



క్రికెట్టు ఆటయందు బంతి వేయువారు ముఖ్యముగా రెండు తెగలవారు. దూరమునుండి పరుగెత్తివచ్చి వడిగా వేయువారు కొందరు. నాలుగడుగులు నడచి, వ్రేళ్లతోగాని మణికట్టుతోగాని మెలిపెట్టి, నెమ్మదిగా వేయువారు మఱికొందరు. ఈ రెండవ తెగవారినే స్పిన్ బౌలర్లందురు. వారి విద్యకు నేడు వచ్చిన చిక్కులెట్టివో, అది నిలుచుటకు ఏమి కావలయునో మనవిచేయుట నా యుద్దేశము.

మెలిపడిన బంతి బొంగరమువలె తిరుగుచు పోవును. ముందునకు దొర్లునట్లు త్రిప్పినచో, చూచువాడు తలచినదానికంటె ముందుగనే నేలకు దిగును; ప్రక్కకు త్రిప్పినచో నేలను తాకి ప్రక్కకు మఱలును. ఇట్లు మోసపుచ్చవలెనన్న బంతిని కొంత ఎత్తుగా గాలిలోనికి వదలవలెను. అట్టి బంతి బ్యాటు పట్టినవానికి ఆశ గొలుపును. ఇది గాలమునకు ఎర గ్రుచ్చుట వంటిది. చేప ఒకటి రెండు మారులు ఎరను కొఱుకుకొని పోవచ్చును. అంతమాత్రమున విసిగినవానికి వేట దక్కదు. కావున ఓర్పే ఈ విద్యకు మూలధనము.

ఆ ఓర్పునకే నేడు తావు తక్కువైనది. 2003లో ఇంగ్లండున ఇరువది ఓవర్ల పోటీ మొదలైనది. 2008లో మన దేశమున ఐ.పి.ఎల్. పోటీలు పుట్టినవి. ఇందు ఒక బౌలరునకు దక్కునవి నాలుగు ఓవర్లు, అనగా 24 బంతులు మాత్రమే. ఐదు దినముల ఆటలో ఉదయమున పోయిన పరుగులకు సాయంకాలమున వికెట్టు తీసి బదులు తీర్చవచ్చును. 24 బంతులలో రెండు సిక్సరులు పోయినచో ఆ నష్టమును పూడ్చుకొను వ్యవధి యెక్కడిది? పైగా మొదటి ఆరు ఓవర్లలో వలయమునకు వెలుపల ఇద్దరు ఫీల్డర్లకంటె ఎక్కువమంది నిలువరాదు.

బ్యాట్లును బలిసినవి. వాని అంచు 40 మిల్లీమీటర్లకు మించరాదని 2017లో నియమము చేయవలసివచ్చినదన్న, ఎంత లావెక్కినవో ఊహింపవచ్చును. రాత్రి ఆటలలో మంచు కురిసి బంతి తడిసినచో వ్రేళ్లకు పట్టు చిక్కదు. 1956లో మాంచెస్టరునందు జిమ్ లేకరు ఆస్ట్రేలియావారి 20 వికెట్లలో 19 తానే తీసెను; వానకు తడిసిన నేల అతనికి తోడుపడినది. ఇప్పుడు వాన వచ్చినచో పిచ్చును కప్పివేయుదురు.

అందుచేత పెక్కుమంది స్పిన్ బౌలర్లు బంతిని ఎత్తుగా వదలక, వడిగా, బల్లపరుపుగా వేయుచున్నారు. పొట్టి ఆటయందును స్పిన్ బౌలరు చావలేదనుట నిజమే. ఐ.పి.ఎల్. పోటీలలో మొట్టమొదట 200 వికెట్లు పూర్తిచేసినవాడు, 2024లో, యజువేంద్ర చాహల్ అను లెగ్ స్పిన్ బౌలరే. ఆఫ్ఘనిస్థానపు రషీద్ ఖాను వడితోకూడ బంతిని త్రిప్పి లోకమును మెప్పించినాడు. విద్యలో ఆరితేరినవాడు ఏ ఆటలోనైనను దారి వెదకుకొనును. అసలు భయము నేర్చుకొనువాని విషయమున.

ఆస్ట్రేలియావాడగు షేన్ వార్న్ కథ వినుడు. 1992లో సిడ్నీయందు మన జట్టుపై ఆడిన తన మొదటి టెస్టులో అతడు 150 పరుగులిచ్చి ఒక్క వికెట్టే తీసెను. ఆ ఒక్కటియు రవిశాస్త్రి 206 పరుగులు చేసిన పిదపనే! వీడు పనికిరాడని ఆనాడే తీసివేసినచో ఏమయ్యెడిది? మరుసటి యేడు, 1993లో, ఇంగ్లండునందు టెస్టు ఆటలో వేసిన మొదటి బంతితోనే మైక్ గ్యాటింగు వికెట్టును పడగొట్టెను. 2007లో టెస్టుల నుండి విరమించునప్పటికి అతని వికెట్లు 708. ఆ 150 పరుగులను ఓర్చుకొన్నవారి పుణ్యమే ఆ 708 వికెట్లు.

మన హైదరాబాదు నగరము గులాం అహమ్మదును, శివలాల్ యాదవును భారత జట్టునకిచ్చినది. మూడు నాలుగు దినములు సాగు ఆటలే అట్టివారికి పాఠశాలలు.

పల్లెపట్టుల పోటీలును నేడు కొద్ది ఓవర్లవే. నెమ్మదిగా బంతి త్రిప్పు కుఱ్ఱవానిని ఎవడో రెండుమార్లు హద్దు దాటించును. చూచువారు కేకలు వేయుదురు. నాయకుడు బంతి లాగుకొనును. మఱునాటినుండి ఆ కుఱ్ఱవాడు త్రిప్పుట మానివేయును. మొలక నేలపైకి రాలేదని మూడవనాడే మడి దున్నివేయు రైతు కలడా?

పెద్దలారా, బహుమతులిచ్చువారు మీరు, మందలించువారును మీరే. ఏటికొక్కటియైనను దినమంతయు సాగు ఆట పెట్టింపుడు. దెబ్బతిన్న కుఱ్ఱవాని చేతికి బంతిని మరల ఇప్పింపుడు. నేటి క్రికెట్టు స్పిన్ బౌలరునకు ఇయ్యలేని వ్యవధిని మన ఊరి మైదానమైనను ఇచ్చుగాక.