ఒక్క ఆజ్ఞ, పెక్కు శాఖలు



ప్రోగ్రాములోని దోషమును సరిదిద్దినంత మాత్రమున పని ముగియదు. ఆ భాగమును మరల కంపైలు చేయవలెను. 1976లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో స్టీవ్ జాన్సన్ ఇది మరచి, సరియైన ప్రోగ్రామునందే ఉదయమంతయు తప్పులు వెదకి విసిగిపోయెను. సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కు ముందునాటి సాయంకాలమే అదే అవస్థ కలిగియుండెను. ఆ బాధనుండి పుట్టినదే ఫెల్డ్‌మన్ రచించిన 'మేక్'. ఏది దేనిపై ఆధారపడునో మేక్‌ఫైలులో వ్రాసినచో, మార్పు జరిగిన కాలములను పోల్చి, అవసరమైనదానినే అది మరల నిర్మించును.

పని పెరిగినకొలది ఉపడైరెక్టరీలు, వానికి వేర్వేరు మేక్‌ఫైళ్లు ఏర్పడును. పై మేక్‌ఫైలు వానిని పిలువవలెను. కొందరు షెల్ లూపుతో పిలిచెదరు. నడుమ నొక శాఖ విఫలమైనను లూపు సాగిపోవును. చివరి శాఖ నెగ్గినచో అంతయు నెగ్గినట్లే తోచును.

ప్రతి ఉపడైరెక్టరీని ఒక లక్ష్యముగా వ్రాయుట మేలు. అయితే దానిని 'ఫోనీ' అని ప్రకటింపవలెను. లేనిచో, ఆ పేరి డైరెక్టరీ అదివరకే యున్నది గనుక, పని అయిపోయినదని మేక్ భావించును. ఇట్లు చేసినచో వైఫల్యము వెంటనే పైకి తెలియును. పలు శాఖలను ఏకకాలమున నడుపవచ్చును. ఒక శాఖ మరియొకదానిపై ఆధారపడినచో, ఆ సంగతియు వ్రాయవలెను.

ఇట్లు విడివిడిగా నడచు మేక్‌కు సమగ్ర స్వరూపము కానరాదని 1998లో పీటర్ మిల్లర్ విమర్శించెను. కార్యాలయముల నెరిగినవారికి ఇది క్రొత్త గాదు: క్రింది శాఖ దాచిన లోపము పై సంతకముతో ఒప్పు కానేరదు.