పాలు చాలడం లేదన్న బెంగ

అంబత్తూరు సభలో మేము బాలింతల గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. బాలింతలు వినాలి, వాళ్ల అత్తలు ఇంకా బాగా వినాలి.

బిడ్డ పుట్టిన రెండో రోజే "పాలు పడలేదు, డబ్బాపాలు పట్టండి" అనేస్తారు. తొందరపడకండి. ముందొచ్చే ముర్రుపాలు కొద్దిగానే ఉంటాయి, ఆ చిన్న పొట్టకు అవే చాలు. పిండి పారబోయకండి. పాలు బాగా పడేది రెండు నుంచి నాలుగు రోజుల్లో. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. సాయంత్రాలైతే వదలనే వదలదు. అది పాలు లేక కాదు, తాగేకొద్దీ పాలు ఊరతాయి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఉచ్చ తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి. మద్రాసు ఎండల్లో కూడా ఆరు నెలల దాకా మంచినీళ్లు అక్కర్లేదు. తేనె అసలే వద్దు.

చనుమొన పగిలితే బిడ్డ సరిగ్గా పట్టడం లేదేమో చూడండి. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. రొమ్ము గట్టిపడి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి, పాలివ్వడం మాత్రం ఆపొద్దు.

ఇక పని సంగతి. కంపెనీకి వెళ్లే అమ్మాయికి 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతం సెలవు వచ్చింది. మరి ఇంట్లో కండెలు చుట్టే కోడలికి సెలవు ఎవరిస్తారు? మనమే ఇవ్వాలి. ఆ కొన్నాళ్లూ కండెలు మామగారు చుట్టొచ్చు. చీర నాలుగు రోజులు ఆలస్యమైతే షావుకారుకి మనమే సర్దిచెప్పుకుందాం.