పాత జీపుకు కొత్త పొగగొట్టం



విశాఖ ఏజెన్సీలో జీపు ఎక్కని వాళ్ళు అరుదు. సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా చాలా ఊళ్ళకు జీపే దిక్కు. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి జనాన్ని తీసుకుపోయేవి కూడా పాత జీపులే.

ఈ జీపు మన దగ్గర పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం అమెరికాలో తయారయింది. 1941లో విల్లీస్ కంపెనీ చేసిన జీపు ఇంజను బలం 60 గుర్రాలు. 1947లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో ఆ జీపులను బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇంజన్లు మారాయి. చాలా వాటికి పెట్రోలు ఇంజను పోయి డీజిలు ఇంజను వచ్చింది. రూపం మాత్రం పెద్దగా మారలేదు. విడిభాగాలు దొరుకుతాయి. మేస్త్రీలకు పని తెలుసు. అందుకే ముసలి జీపులు ఇంకా కొండ ఎక్కుతూనే ఉన్నాయి.

అలాంటి జీపులో తరచుగా పాడయ్యేది పొగగొట్టం. బాటలో రాళ్ళు కింద నుంచి దాన్ని కొడతాయి. గెడ్డలు దాటేటప్పుడు నీళ్ళు తగులుతాయి. ఇవి కంటికి కనిపించే దెబ్బలు. కనిపించనిది ఇంకొకటి ఉంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. డీజిలు మండినా అంతే. పొద్దున్నే బండి తీసినప్పుడు గొట్టం చివర నుంచి నీటి చుక్కలు పడడం మీరు చూసే ఉంటారు. గొట్టం చల్లగా ఉంటే ఆ ఆవిరి లోపలే నీరై నిలిచిపోతుంది. గొట్టం లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన రంగు బాగానే ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి పోతుంది.

గొట్టానికి చిల్లు పడితే ఏమవుతుంది? "ఏముంది, కాస్త చప్పుడు ఎక్కువ వస్తుంది" అంటారు చాలామంది. అసలు భయం చప్పుడు గురించి కాదు.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు బండిలో ఎక్కువ, డీజిలు బండిలో తక్కువ. రెంటిలోనూ ఉంటుంది. మన రక్తం ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకుపోతుంది కదా! ఈ విషవాయువు రక్తాన్ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకు చోటు ఉండదు. మొదట తలనొప్పి వస్తుంది. తర్వాత కళ్ళు తిరుగుతాయి, వాంతి అవుతుంది. ఇంకా ఎక్కువైతే మనిషి నిద్రలోకి జారుకుంటాడు. లేవడు.

ఘాటు రోడ్డు మీద పిల్లలకు వాంతులు అయితే "మలుపులు పడలేదు" అంటాం. నిజమే, మలుపులకు కూడా వాంతి అవుతుంది. కాని జీపులో నలుగురికి ఒకేసారి తలనొప్పి వస్తే మలుపులను కాదు, గొట్టాన్ని అనుమానించాలి. వెంటనే బండి ఆపి అందరినీ దించాలి. మంచి గాలిలో కూర్చోబెట్టాలి. మత్తుగా ఉన్నవాళ్ళను ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి చేర్చి, బండి పొగ పీల్చారని డాక్టరుకు చెప్పాలి. అక్కడ ప్రాణవాయువు పెడతారు. కరోనా రోజుల్లో వేలికి తగిలించిన చిన్న యంత్రం అందరికీ గుర్తుంది. అది ఈ విషాన్ని కనిపెట్టలేదు. రక్తంలో విషం ఉన్నా అంకె బాగానే చూపిస్తుంది. దాన్ని నమ్మి ఊరుకోకూడదు.

డీజిలు పొగలో ఇంకో చెడు ఉంది. అది కేన్సరు తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది.

ఇక ఒక డ్రైవరు ఇలాంటి జీపును వెల్డింగు షాపుకు తెచ్చాడనుకోండి. సైలెన్సరు చివికిపోయింది. కొత్తది కొనడానికి డబ్బు చాలదు.

"మేస్త్రీ గారూ, సైలెన్సరు తీసేసి సూటిగా గొట్టం పెట్టెయ్యండి. డ్రైవరు సీటు కిందికి వదిలేస్తే ఖర్చు తక్కువ" అంటాడు డ్రైవరు.

"నీ వెనక కూర్చునే వాళ్ళు ఎవరు తమ్ముడూ?" అని అడుగుతాడు మంచి మేస్త్రీ.

అలా అడిగే మేస్త్రీ దొరకడం అదృష్టం. జీపు అడుగు రేకుకు ఎన్నో కంతలు ఉంటాయి. కింద వదిలిన పొగ ఆ కంతల్లోంచి పైకి వస్తుంది. గొట్టాన్ని వెనక దాకా తెచ్చి, బాడీ అంచు లోపలే ఆపేసినా తప్పే. బండి ముందుకు పోతుంటే దాని వెనక గాలి పలచబడుతుంది. వెనక పరదా లేకపోతే ఆ పొగ సుడి తిరిగి లోపలికే వస్తుంది. అక్కడే కదా పిల్లలను కూర్చోబెట్టేది! అందుకని గొట్టం చివర బాడీ అంచు దాటి రెండు, మూడు అంగుళాలు బయటికి ఉండాలి.

చట్టం కూడా ఇదే చెప్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం పొగ కిందికి పోకూడదు, ఎడమ పక్కకు పోకూడదు. వెనక్కి గాని, కుడి పక్కకు గాని పోవాలి. మన దేశంలో జనం బండి ఎక్కేది, దిగేది ఎడమ పక్క కదా! గొట్టానికీ, పెట్రోలు గాని డీజిలు గాని పోయే పైపుకూ మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. సైలెన్సరు తప్పకుండా ఉండాలి.

సైలెన్సరు పని చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగితే, సెకనుకు నూరు సార్లు పొగ దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బలే చప్పుడు. సైలెన్సరు లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. పొగ వాటిలో తిరిగి మెత్తబడి బయటికి వస్తుంది. సైలెన్సరు తీసేస్తే బండి పులిలా పోతుందని కుర్రాళ్ళు అనుకుంటారు. పాత ఇంజనుకు చప్పుడు పెరిగినంతగా బలం పెరగదు.

కొలత తీసుకోవడం ఈ పనిలో సగం. పాత గొట్టం ముక్కలను పారెయ్యకూడదు. వాటిని నేల మీద వరసగా పేర్చి లోపలి వ్యాసం కొలవాలి. కొత్త గొట్టం అంతకంటే సన్నగా ఉంటే పొగ తన్నుకుంటుంది. బండి ఎత్తు ఎక్కదు. పాత గొట్టం దొరక్కపోతే లావుపాటి తీగ ఒకటి తీసుకుని, ఇంజను దగ్గర నుంచి వెనక దాకా గొట్టం పోవలసిన దారిలో వంచుకుంటూ రావాలి. ఆ తీగే నమూనా. అది ఛాసిస్ కంటే కిందికి వేలాడకూడదు. గోతిలో పడినప్పుడు వెనక ఇరుసు పైకి లేస్తుంది. అప్పుడు గొట్టానికి తగలకూడదు. పాత జీపుల్లో చాలా వాటికి డ్రైవరు సీటు కిందే టాంకు ఉంటుంది. దానికి, బ్రేకు పైపులకు, కరెంటు తీగలకు దూరంగా పోనివ్వాలి.

గొట్టానికి మామూలు ఇనప పైపు, 16 గేజిది, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్నది చాలు. బోరుబావి నుంచి తీసిన తెల్ల జి.ఐ. పైపు చవగ్గా దొరుకుతుందని కొందరు అదే వాడతారు. అది వద్దు. ఆ తెల్ల పూత జింకు. వెల్డింగు చేస్తే తెల్లటి పొగ లేస్తుంది. అది పీల్చిన మేస్త్రీకి సాయంత్రానికి చలి, జ్వరం వస్తాయి. మలేరియా అనుకుని మాత్రలు మింగుతాడు.

పైపు ఊరికే వంచితే మలుపు దగ్గర నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక గట్టిగా దట్టించి, రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచుతారు. ఆ ఇసుకను ముందు పెనం మీద బాగా వేయించాలి. తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా తుపాకి గుండులా ఎగురుతుంది. వేడి ఇసుక ముఖం మీద పడుతుంది. అంత కష్టం ఎందుకు అనుకుంటే తయారు బెండు ముక్కలు కొని అతికించుకోవచ్చు.

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పాలి. లేకపోతే ఆల్టర్నేటరు కాలిపోవచ్చు. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోవాలి. ముక్కలను బండి మీదే చుక్క చుక్కగా అతికించాలి. దీన్ని టాకు వెయ్యడం అంటారు. అన్నీ కుదిరాయని చూసుకున్నాక మొత్తం కిందికి దించి, అప్పుడు చుట్టూ వెల్డింగు చెయ్యాలి. టాంకు కింద పడుకుని వెల్డింగు చేసే మేస్త్రీ ధైర్యవంతుడు కాదు, తొందర మనిషి. పలచని పైపుకు 2.5 మిల్లీమీటర్ల రాడ్డు, తక్కువ కరెంటు సరిపోతాయి. ఎక్కువ పెడితే చిల్లు పడుతుంది. ఇంజను దగ్గర అతుకు మాత్రం వెల్డింగుతో మూసెయ్యకూడదు. అక్కడ ఫ్లాంజి, ప్యాకింగు, బోల్టులు ఉండాలి. రేపు విప్పాలి కదా!

ఇంకొక సంగతి చాలామంది మరిచిపోతారు. ఇనుము వేడికి సాగుతుంది. ఒక మీటరు గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైగా ఇంజను ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. గొట్టాన్ని ఛాసిస్‌కు గట్టిగా వెల్డింగు చేస్తే నెల తిరక్కుండా ఎక్కడో చీలుతుంది. అందుకే రబ్బరు పట్టీలతో వేలాడదియ్యాలి. సైలెన్సరు అన్నిటికంటే కింద ఉండే చోట 3 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి పెడితే లోపలి నీరు కారిపోతుంది. ఇంత చిన్న చిల్లుతో ప్రమాదం లేదు, అయితే అది సీట్లకు వెనకగా ఉండేలా చూసుకోవాలి.

2020 నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండ్లకు ఈ పని చెయ్యకూడదు. వాటి గొట్టంలో విషాన్ని తగ్గించే పెట్టె, పొగను కొలిచే పరికరాలు ఉంటాయి. కోసి అతికిస్తే బండీ చెడుతుంది, చట్టమూ ఒప్పుకోదు.

పని అయ్యాక డ్రైవరు తొందరపడతాడు. మేస్త్రీ వదలకూడదు. బండిని షెడ్డులో కాకుండా బయట పెట్టి స్టార్టు చెయ్యాలి. గొట్టం వేడెక్కక ముందే అతుకుల మీద సబ్బు నీళ్ళు రాయాలి. బుడగలు లేచిన చోట పొగ కారుతున్నట్టు. తోలు తొడుగు వేసుకుని, మందపాటి గుడ్డతో గొట్టం చివరను ఒక్క క్షణం మూసినా ఆ చోట బుస్సుమని చప్పుడు వస్తుంది.

"ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తీసుకురా తమ్ముడూ. వేడికి బోల్టులు వదులవుతాయి. బిగించాలి. అతుకు పక్కన నల్లటి మసి కనబడితే మాత్రం అంతదాకా ఆగొద్దు. ఆ రోజే వచ్చెయ్" అంటాడు మేస్త్రీ.