హెచ్చరింపని వాయువులు



1868 ఆగస్టు 18వ తేదీన మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెన్ పండితుడు సూర్యబింబపు టంచున లేచు జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించెను. ఆ యేటనే ఇంగ్లండులో లాకియరు, ఆ జ్వాలల కాంతిలోని పసుపు రేఖ యొకటి అదివరకు తెలిసిన యే మూలకమునకును చెందదని గ్రహించెను. అట్లు బయల్పడిన హీలియము మొదలుకొని జడవాయువులు మండవు, కాల్చవు, త్రుప్పు పట్టింపవు. కావుననే వానిని నిరపాయములని నమ్ముట సులభము. ఆ నమ్మికయే ప్రాణములు తీయుచున్నదని విన్నవించుటకు నేడు పట్టభద్రులగుచున్న మీ యెదుట నేను నిలిచితిని.

క్లోరిను కొంచెము వెలువడినను కన్నులు మండును, గొంతు పట్టుకొనును. మనిషి పరుగిడి బ్రతుకును. జడవాయువైన ఆర్గాను ఆ పాటి గడువైన నీయదు. ఉక్కు తొట్టిలో దిగి అతుకులు వేయు వెల్డరును తలచుకొనుడు: అతుకుపనిలో విడుచు, గాలికంటె బరువైన ఆర్గాను అడుగునుండి నిండుచు, 21 శాతముండవలసిన ప్రాణవాయువును పైకి నెట్టివేయుచుండగా, అతనికి వాసన తగులదు, ఉక్కిరిబిక్కిరియు కలుగదు. ఏలయన మనకు ఊపిరాడని బాధ కలుగుట ముఖ్యముగా నెత్తుటిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొనుటవలననే గాని ప్రాణవాయువు తరుగుటవలన గాదు. ఆర్గానును పీల్చువాడు ఆ బొగ్గుపులుసు వాయువును యథాప్రకారము విడిచివేయుచునే యుండును. ప్రాణవాయువు మిక్కిలి క్షీణించినచో ఒకటి రెండు ఊపిరులలోనే స్పృహ తప్పును. అతడు పడుట చూచి ఆత్రముతో దూకిన తోడివాడును అతని ప్రక్కనే పడును. ఇది నా హృదయమును మిక్కిలి కలచు విషయము, ఆ రెండవ మరణమునకు మూలము కరుణయే కదా!

జడవాయువులలోనే రేడాను సంగతి వేరు. అది రేడియోధార్మికమై, సగము నాలుగు దినములలోపుననే ఘనకణములుగా మారి ఊపిరితిత్తులలో నిలిచి పుట్టకురుపునకు కారణమగును.

పాడునూతిలో దిగుటకు ముందు, ప్రాణవాయువు చాలనిచో ఆరిపోవు దీపమును దించి చూచిన మన పెద్దలకు కనబడని యపాయమును ముందే కనిపెట్టు వివేకము ఉండెను. నేడు ఆ దీపము స్థానమున ఆక్సిజన్ మీటరు వచ్చినది. రేపు కర్మాగారములలో ఇట్టి తొట్లలో దిగుటకు అనుమతి పత్రముపై సంతకము చేయువారు మీరే. మీటరు చూపు అంకెను స్వయముగా చూడక సంతకము చేయకుడు. ద్వారమున నొకని కావలి యుంచక ఎవ్వరిని లోనికి పంపకుడు. లోపలివాడు కూలినను, శ్వాసయంత్రము ధరింపక దిగబోవువానిని చేయిపట్టి యాపుడు.