ఖాతా కూడా అమానతే



పరుల ఇంట సలాము, అనుమతి లేకుండా అడుగు పెట్టరాదని నూర్ సూరా 27వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు. నేటి దొంగ ఆ అనుమతిని మనచేతనే ఇప్పించుకుంటున్నాడు. “భాయ్, పొరపాటున మీకు 6 అంకెల కోడ్ వచ్చింది, పంపండి” అంటాడు. పంపితిమా, మన వాట్సాప్ అతని వశం. ఆపై మన పేరుతో, మన ఫొటోతో బంధుమిత్రులను అప్పు అడుగుతాడు. మన శ్రీకాళహస్తిలో కలంకారీ పనితో పొట్టపోసుకునే సోదరుడు మన ముఖం చూసి ఆ డబ్బు పంపుతాడు. పోయేది అతని కష్టార్జితం, దానితోపాటు మనపై అతనికున్న నమ్మకం. ఖాతాను అమానత్ అనడం అందుకే.

కనుక సెట్టింగులలో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ నేడే పెట్టుకోండి. కోడ్ జారిపోయినా ఈ పిన్ అడ్డు నిలుస్తుంది. దానిని మాత్రం ఎవరికీ చెప్పకండి. లింక్డ్ డివైసెస్‌లో తెలియని పరికరముంటే తొలగించండి.

పాత పోస్టులనూ తిరగేయండి. మేమూ తిరగేశాము, ఒకరిని ఎగతాళి చేసిన మాట కనబడి సిగ్గుపడ్డాము. చెరిపివేసినంతనే ఆ హక్కు తీరదు గనుక వెళ్లి క్షమాపణ కోరాము.

ఎవరైనా మోసపోతే పరువుకు జంకి దాచకండి, తక్షణమే 1930కు ఫోను చేయండి. ఇవి చేతకాని పెద్దలు నమాజు పిదప మింబర్ వద్దకు రండి. మన యువకులు మీ ఎదుటనే చేసి చూపుతారు.