మనకొక్కరికే చలి ఎందుకు?



ఇంట్లో అందరూ ఫ్యాను కింద హాయిగా కూర్చుంటే, మనలో కొందరు మాత్రం కొంగు భుజాల నిండా కప్పుకుంటారు. ‘నీది చలి ఒళ్ళులే’ అని ఇంట్లోవాళ్ళు నవ్వేస్తారు. మనమూ నవ్వేసి ఊరుకుంటాం. అలా ఊరుకోకూడదమ్మా!

మొదట అనుమానించవలసింది రక్తహీనత. ఒంట్లో వేడి పుట్టాలంటే ప్రాణవాయువు కావాలి. దాన్ని మోసుకెళ్ళేది రక్తంలోని హిమోగ్లోబిన్. గర్భిణులు కాని స్త్రీలకు అది 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాముల కన్నా తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలిందే తిని సరిపెట్టుకోవడం, నెలనెలా రక్తం ఎక్కువగా పోవడం ఇందుకు కారణాలు. తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోపాటు కాఫీ, టీలు వద్దు.

రెండోది, గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి మందగించడం. చలితోపాటు నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం ఉంటే ‘వయసు మీద పడుతోంది’ అనుకోకండి. టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్షలో తెలిసిపోతుంది. డాక్టరు మాత్ర రాస్తే పరగడుపున వేసుకోవాలి. ఇనుము మాత్ర కూడా వాడుతుంటే, రెంటికీ మధ్య 4 గంటల ఎడం ఉంచండి.

మరీ సన్నగా ఉన్నవారికీ చలి ఎక్కువే. షుగరు ఉన్నవారికి పాదాలు చల్లబడి తిమ్మిరెక్కుతున్నా, చన్నీళ్ళు తగలగానే ఎవరికైనా వేళ్ళు తెల్లగా పాలిపోతున్నా డాక్టరుకు చూపించాలి. వణుకుతో జ్వరం వస్తే ఆ రోజే వెళ్ళాలి.

ఇంట్లో ఎవరు తుమ్మినా మిరియాల కషాయం కాచేది మనమే కదా! మన చలిని కూడా కాస్త పట్టించుకుందాం. రేపే రక్తపరీక్ష చేయించుకోండి.