ఆనాటి జుట్టు, ఆనాటి బట్ట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను గ్రామ లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. కళాశాల గడప త్రొక్కినవాడను గాను. భారత భాగవతములును, నాలుగు ప్రబంధములును ఈ గ్రంథాలయపు బీరువాలనుండి యింటికి గొనిపోయి రాత్రులు కూడబలుకుకొని చదివినవే. అట్టివానిని పిలిచి పడుచువారి వేషములనుగూర్చి మాటలాడుమనుట కార్యదర్శిగారి సాహసము. మొన్న మన పఠనమందిరములో జుట్టుకు రంగు వేసికొన్న కుఱ్ఱవాని నొక పెద్దమనిషి గద్దించుటయు, వాడు చేతిలోని పుస్తకము బల్లమీద పెట్టి వెడలిపోవుటయు మీలో కొందఱు చూచియుందురు. ఈ విషయ మందుండి పుట్టినది.

వేషముమీది తగవు నిన్న నేటిది కాదు. శ్రీనాథునిదని చెప్పు చాటువొకటి కలదు. కర్ణాట రాజసభ కేగిన ఆ మహాకవి అచటి మర్యాదకై కుళ్ళాయి పెట్టి, పెద్ద అంగీ తొడిగి, రుచింపని తిండి తిని, తుదకు కన్నడ రాజ్యలక్ష్మికి మొఱపెట్టుకొన్నాడు. పలనాటి జొన్నన్నమును వెక్కిరించిన నోటికి తగిన శాస్తి యని మన ప్రాంతమువారు సంతోషింపవచ్చును.

నేను చెప్పదలచినది 1920కిని 1929కిని నడుమ జరిగిన ముచ్చట. ఆ కాలపు పడుచులను అమెరికాలో ‘ఫ్లాపర్లు’ అనిరి. ఱెక్కలు టపటపలాడించుచు గూడు విడువజూచు పక్షిపిల్ల యని ఆ మాటకు అర్థము చెప్పుదురు. 1914–18 యుద్ధకాలమున ఆడవారు కర్మాగారములలోను కచేరీలలోను మగవారి పనులు చేసి, తమ జీతము తమ చేతులతో అందుకొనిరి. 1920లో ఓటు వచ్చెను. అటుపై నడుము బిగించు కట్లు వదలిరి. పాదములదాక నుండిన గౌను 1926 నాటికి మోకాలి కెక్కెను. మంగలి దుకాణములలో మగవారి ప్రక్క కూర్చుండి మెడవఱకు జుట్టు కత్తిరించుకొనిరి. నలుగురిలో సిగరెట్టు కాల్చిరి. 1927లో క్లారా బో నటించిన ‘ఇట్’ అను మూగచిత్రము ఆ వేషమును ఊరూరికి మోసెను. 1929లో వాటాల బజారు కూలిన పిమ్మట గౌనులు మరల క్రిందికి దిగినవి.

మన గుంటూరు సీమలో ఆ పదేండ్లు మఱొక రీతిని నడచినవి. అచట పడుచువారికి పలుచని బట్ట ముద్దు. ఇచట ముతక బట్ట ముద్దు. 1921లో సీమగుడ్డలు కుప్పవోసి కాల్చిరి. ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండులోని యువకులు కావిరంగు బట్టలు కట్టి, నొసట కుంకుమ దిద్దుకొని చీరాల పేరాలలో తిరిగిరి. ప్రత్తి పండు నేలమీద పుట్టి మాంచెస్టరు పంచె కట్టుట సిగ్గని తలచిన పిల్లవానికి ఇంట తగవు తప్పలేదు. ఖద్దరు ఖరీదెక్కువ, తడిసినచో మోయలేని బరువు, ఉదుకవలసినది తల్లి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో శారదానికేతనము నెలకొల్పి ఆడపిల్లలకు చదువును, చేతిపనులను నేర్పించిరి. మద్రాసు రాజధానిలో స్త్రీలకు ఓటు 1921లోనే వచ్చినది, అమెరికా తరువాత ఒక్క యేడు. అయితే అది ఆస్తిగల కొలదిమందికే. లెక్కలవాడను గనుక ఈ తేడా చెప్పక విడువలేను.

ఇక జుట్టు మాట. 1885లో అమెరికా లూథరన్ మిషనువారు స్థాపించిన కళాశాలలో, అదే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, చదువుటకై మా తాతగారు బ్రాడీపేటలో గది అద్దెకు తీసికొని యుండిరి. 1926 వేసవి సెలవులకు పిలక తీయించి క్రాపుతో ఊరు చేరిరి. మా ముత్తాతగారు కేకలు వేసి, మూడు దినములు పంక్తిని కూర్చుండనీయలేదు.

ఆ వేసవిలోనే తాతగారి అక్కగారి భర్త విషజ్వరముతో పోయిరి. ఆమెకు ఇరువది యేండ్లు. పదవనాడు ఊరి మంగలిని పిలిపించిరి. తమ్ముని తల చూచి దద్దరిల్లిన యిల్లు అక్క తల చూచి నోరు మెదపలేదు. తాతగారును మెదపలేదు. ఈ మాట వారే నాతో చెప్పిరి.

తాతగారి పెట్టెలో, కళాశాల దొరల యిండ్లనుండి పాతకాగితములవానికి చేరిన అమెరికా పత్రిక యొకటి యుండెడిది. అట్టమీద జుట్టు కత్తిరించుకొన్న పడుచు బొమ్మ. ఒకనాడు అక్కగారు దానిని చాలసేపు చూచి, “ఈ పిల్లకు మొగుడెప్పుడు పోయాడురా తమ్ముడూ?” అని అడిగినదట. “పోలేదక్కయ్యా, ఇంకా పెండ్లే కాలేదు. తనే కత్తిరించుకుంది” అని తాతగారు చెప్పిరి. “తనేనా?” అన్నదట. కొంత తడవుండి మరల “తనేనా?” అని, పత్రిక పెట్టెలో పెట్టి మూత వేసినదట.

తిక్కనగారి ఉద్యోగపర్వమున ద్రౌపది తన కురులు చూపియే కృష్ణుని న్యాయ మడిగినది. ప్రబంధకవులు స్త్రీల కురులను తుమ్మెదలతోను మేఘములతోను పోల్చి పోల్చి అలసిరి. కురులు పోయినదానికొఱకు ఒక్క పద్యము నేను చదివిన ప్రబంధములలో కనబడలేదు. రాజమండ్రిలో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినది 1881లో. నలుబదియైదేండ్లకును ఆ వార్త మా వీధి చేరలేదు. 1929 నాటి శారదా చట్టము ఆడపిల్ల పెండ్లికి 14 ఏండ్లు నిండవలెనన్నది. ఆమెకు ఎనిమిదవ యేటనే అయినది.

1928లో మద్రాసునుండి కేసరిగారు ‘గృహలక్ష్మి’ వెలువరింపగా తాతగారు అక్కగారికై చందా కట్టిరి. బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మగారి ‘శారద లేఖలు’ ఆమె అందులోనే కూడబలుకుకొని చదివెడిది. ఇది తన ప్రాయశ్చిత్తమని తాతగారందురు. చాలలేదని నా అభిప్రాయము.

డెబ్బదియవ యేట, ఎవ్వరి నడుగక, మంగలిని ఇక రావద్దని ఆమె చెప్పిపంపినది. అప్పటికి నాకు ఎనిమిదేండ్లు. ఆమె జుట్టు తెల్లగా, వ్రేలెడు పొడవున ఉండెడిది. సాయంకాలము అరుగుమీద కూర్చుండి దువ్వెన నా చేతికిచ్చి, “చిక్కు పడిందా?” అని అడిగెడిది. చిక్కు పడుటకు అందేమియు లేదు. “పడింది, అమ్మమ్మా” అని చెప్పి, మెల్లమెల్లగా దువ్వెడివాడను.